శ్వాసయంత్రం చరిత్రలో కనపడని చేతులు

సాహిత్య పత్రికలో శ్వాసయంత్రం చరిత్ర ఎందుకని మిత్రులు అడగవచ్చు. అడగడం న్యాయమే. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే మొదలుపెడతాను.

మన అభ్యుదయ సాహిత్యంలో యంత్రం చాలాకాలంగా రెండు రూపాల్లోనే కనిపిస్తూ వచ్చింది. ఒకటి, కార్మికుడి నెత్తురు తాగే భూతం. రెండోది, రేపటి వెలుగులోకి మనల్ని మోసుకుపోయే రథం. జీవితంలో ఈ రెండింటికీ ఆధారం ఉంది కనుకనే అవి కవిత్వంలోకి వచ్చాయి. కాని ప్రతీకగా మారిపోయిన తరువాత యంత్రాన్ని మనం ఒక వస్తువుగా చూడడం మానేశాం. దాన్ని ఎవరు చేశారు, ఏ అవసరం కోసం చేశారు, ఖర్చు ఎవరు పెట్టారు, దాని మీద హక్కు ఎవరిది, అది చాలనప్పుడు దాని పని ఎవరు చేశారు అన్న ప్రశ్నలు వేయడం మానేశాం. యంత్రాల చరిత్ర రాసేవాళ్ళు కూడా ఈ విషయంలో మనకు పెద్దగా సాయపడలేదు. వాళ్ళ పుస్తకాల్లో ఒక మేధావి ఉంటాడు, ఒకనాటి రాత్రి అతనికొక ఆలోచన తడుతుంది, తెల్లవారేసరికి లోకం మారిపోతుంది.

పోలియో రోగుల చేత ఊపిరి తీయించిన యంత్రం కథ ఈ అలవాట్లకు లొంగదు. ఆ కథలోని అతి పెద్ద మలుపు యంత్రాలు చాలనిచోట వచ్చింది. 1952లో ఒక నగరం పదిహేను వందల మంది విద్యార్థుల చేతులను కూడగట్టి ఆ మలుపు తిప్పింది. ఆ చేతులు ఎలా కూడాయి, మన దగ్గర అవే చేతులు ఎందుకు ఒంటరిగా మిగిలాయి అన్నదే ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది.

1

ముందు వ్యాధి సంగతి. పోలియో వైరస్ సోకిన వాళ్ళలో అత్యధికులకు జ్వరం తప్ప మరేమీ రాదు, చాలామందికి అదీ రాదు. దాదాపు రెండు వందల మందిలో ఒకరికి మాత్రం అది వెన్నుపాములోకి చేరి, కండరాలను కదిలించే నాడీకణాలను చంపుతుంది. స్పర్శ పోదు, తెలివి పోదు, నొప్పి తెలుస్తూనే ఉంటుంది. కదలిక మాత్రం పోతుంది. కాళ్ళను కదిలించే కణాలు చస్తే కాళ్ళు పడిపోతాయి. ఛాతీకీ పొట్టకీ మధ్య పరచుకున్న ఉదరవితానం, పక్కటెముకల కండరాలు పడిపోతే ఊపిరి ఆగుతుంది. ఊపిరితిత్తులకు ఏ జబ్బూ ఉండదు. వాటిని విప్పే కండరం లేకపోవడమే జబ్బు. పక్షవాతం వచ్చిన ప్రతి నూరుమందిలో అయిదు నుంచి పదిమంది ఇలా చనిపోతారని ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క.

కనుక సమస్య చూడడానికి తేలికైనదే. ఛాతీని ఎవరైనా బయటినుంచి విప్పి మూస్తూ ఉంటే చాలు. రోగిని మెడదాకా ఒక పెట్టెలో పడుకోబెట్టి, మెడచుట్టూ గాలి పోకుండా రబ్బరు పట్టీ బిగించి, తలను బయట ఉంచి, పెట్టెలోని గాలిని కొంత లాగేస్తే, లోపలి ఒత్తిడి తగ్గి ఛాతీ విప్పుకుంటుంది. ముక్కుగుండా గాలి దానంతటదే లోపలికి పోతుంది. గాలిని తిరిగి పెట్టెలోకి వదిలితే ఛాతీ ముడుచుకుని ఊపిరి బయటికి వస్తుంది. ఐరన్ లంగ్, అంటే ఇనుప ఊపిరితిత్తి, అని పేరుపడిన యంత్రం సారాంశం ఇంతే.

ఈ ఆలోచన ఏ ఒక్కరిదీ కాదు. స్కాట్లండ్ వైద్యుడు జాన్ డాల్జియెల్ 1832లోనే ఇలాంటి పెట్టెను వర్ణించాడు. అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో ఆల్ఫ్రెడ్ జోన్స్ 1864లో ఒక పెట్టెకు పేటెంటు తీసుకుని, అది పక్షవాతం మొదలు అనేక రోగాలను కుదురుస్తుందని చాటుకున్నాడు. పారిస్‌లో వాయే అనే వైద్యుడు 1876లో చేతితో నడిపే పెట్టె చేశాడు. టెలిఫోనుతో పేరుపొందిన అలెగ్జాండర్ గ్రాహంబెల్ 1881లో తన కొడుకు పుట్టిన కొద్ది గంటలకే ఊపిరాడక చనిపోతే, ఆ దుఃఖంలో ఛాతీకి తొడిగే ఒక గాలికవచాన్ని రూపొందించాడు. దాదాపు వందేళ్ళపాటు ఈ ఆలోచన పుడుతూ, అటకెక్కుతూ వచ్చింది. ఆలోచన ఉన్నంత మాత్రాన యంత్రం రాదు. దానికి డబ్బు పెట్టవలసిన అవసరం ఎవరికో ఒకరికి కలగాలి.

2

ఆ అవసరం పోలియో పిల్లల వల్ల రాలేదన్నది గుర్తించవలసిన విషయం. 1920లలో అమెరికా నగరాల్లో ఇళ్ళకు సరఫరా అయ్యే గ్యాసు విషవాయువు. అది లీకై మనుషులు ఊపిరాగి చనిపోతుండేవారు. విద్యుత్తు షాకుతో చనిపోయేవారు కూడా ఎక్కువయ్యారు. అలాంటివారిని బతికించే పద్ధతులను వెతికే పనికి న్యూయార్క్‌లోని ఒక గ్యాస్ కంపెనీ డబ్బు ఇచ్చింది. తమ సరుకు వల్ల జరిగే చావుల పరిష్కారానికి కంపెనీ పెట్టిన ఖర్చు అది. ఆ ఖర్చుతో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పని మొదలుపెట్టిన ఫిలిప్ డ్రింకర్ వైద్యుడు కాడు, కర్మాగారాల్లోని దుమ్మూ గాలీ మీద పనిచేసే ఇంజనీరు. అతనూ, లూయీ అగస్సిజ్ షా అనే సహచరుడూ కలిసి మొదట పిల్లులమీద ప్రయోగాలు చేసి, తరువాత మనిషి పట్టే ఇనుప పెట్టె చేశారు. గాలిని లాగడానికి వాక్యూమ్ క్లీనర్ మోటార్లను వాడారు.

1928 అక్టోబరులో బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో ఎనిమిదేళ్ళ పాపను ఆ పెట్టెలో పెట్టారు. స్పృహ తప్పి నీలిరంగు తిరిగిన పిల్ల నిమిషాల్లో తేరుకుంది. కొద్ది రోజుల తరువాత న్యుమోనియాతో చనిపోయింది. పోలియో వల్ల ఆగిన ఊపిరిని యంత్రం నడపగలదని మాత్రం ఆ కొద్ది రోజుల్లో రుజువైంది.

యంత్రం పనిచేస్తుందని తేలగానే దాని చుట్టూ హక్కుల గోడ లేచింది. డ్రింకర్ యంత్రం చాలా ఖరీదైనది, బరువైనది, రొద చేసేది. 1931లో మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జి ఊళ్ళో జాన్ ఎమర్సన్ అనే యువకుడు దాదాపు సగం ధరకు మెరుగైన యంత్రం చేశాడు. ఇతను హైస్కూలు కూడా పూర్తిచేయలేదు. చిన్న వర్క్‌షాపు పెట్టుకుని చేతులతో పని నేర్చుకున్నవాడు. తన యంత్రంలో మోటారు బ్లోయర్ల స్థానంలో తోలుతిత్తి పెట్టాడు. మన కొలిమి దగ్గర కమ్మరి లాగే తిత్తికి అది దగ్గర చుట్టం. కరెంటు పోతే దాన్ని చేత్తో లాగి నడపవచ్చు.

ఎమర్సన్ తమ పేటెంటును ఉల్లంఘించాడని డ్రింకర్, హార్వర్డ్ దావా వేశారు. ఎమర్సన్ వాదన రెండు ముక్కలు. ప్రాణం నిలిపే సాధనం అందరికీ అందాలి. దానికి కంచె వేయరాదు. ఇది మొదటి ముక్క. నైతికంగా ఎంత గొప్పదైనా ఇది ఒక్కటే ఉంటే కోర్టులో నెగ్గేది కాదేమో. రెండో ముక్క చరిత్ర. డాల్జియెల్ కాలం నుంచి వచ్చిన పాత పెట్టెలనూ, పాత పేటెంట్లనూ వెలికితీసి, డ్రింకర్ యంత్రంలోని ప్రతి భాగమూ అంతకుముందే ఎవరో ఒకరు చేసి ఉన్నదేనని చూపించాడు. పేటెంట్లు చెల్లకుండా పోయాయి. డ్రింకర్ చేసిన పనిని తక్కువ చేయడానికి ఈ సంగతి చెప్పడం లేదు. పాత ఆలోచనను పనికివచ్చే యంత్రంగా మార్చడం చిన్న పని కాదు. అయితే దాన్ని తన ఒక్కడి ఆస్తి చేసుకోవడానికి ముందు తరాల శ్రమనంతా లేనట్టు చెప్పవలసి వచ్చింది. ఆస్తిహక్కు ఎప్పుడూ చరిత్రను ఇలా కురచ చేస్తుంది. సాహిత్య విద్యార్థులు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి. చరిత్ర తెలిసి ఉండడమే ఇక్కడ హక్కు కోసం జరిగిన పోరాటంలో ఆయుధమైంది.

ఎమర్సన్ నెగ్గినా యంత్రం పేదవాడికి అందలేదు. 1930లలో ఐరన్ లంగ్ ధర సుమారు 1500 డాలర్లు. అమెరికాలో ఆనాడు ఒక మామూలు ఇల్లు కొనే ధర అది.

3

ధర కట్టలేనివాళ్ళ దగ్గరకు యంత్రం దానం రూపంలో వెళ్ళింది. ఆ దానం గురించి రెండు మాటలు.

ఆస్ట్రేలియాలో ఎడ్వర్డ్ బోత్ 1937లో ప్లైవుడ్‌తో చవకగా ఒక శ్వాసపెట్టె చేశాడు. 1938లో ఇంగ్లండులో మోరిస్ కార్ల కంపెనీ యజమాని లార్డ్ నఫీల్డ్ దాన్ని గురించి తెలుసుకుని, తన కార్ల ఫ్యాక్టరీలో వాటిని తయారుచేయించి, బ్రిటిష్ సామ్రాజ్యంలో అడిగిన ఆసుపత్రులకు ఉచితంగా ఇస్తానన్నాడు. సుమారు 1700 యంత్రాలు అలా పంచాడు. వాటివల్ల ప్రాణాలు నిలిచాయి. కాదనడం మూర్ఖత్వం. ఒక పెట్టుబడిదారు మంచిపని చేస్తే మన సిద్ధాంతం కూలిపోదు. కాని యంత్రాలను అడగడానికి ముందు ఆసుపత్రి ఉండాలి, నడపడానికి నేర్పుగల మనుషులు ఉండాలి. యంత్రాలు పంచినంత మాత్రాన చాలదని ఆనాడే కొందరు వైద్యులు విమర్శించారు. సామ్రాజ్యం తన వలసల్లో ఎన్ని ఊళ్ళకు ఆసుపత్రి కట్టిందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

అమెరికాలో ఆ పని 1938లో రూజ్‌వెల్ట్ స్థాపించిన పోలియో ఫౌండేషన్ చేసింది. చిల్లరనాణేలు చందాగా పోగుచేసి, ఐరన్ లంగులు కొని, అవసరమైన ఊళ్ళకు పంపేది. కోట్ల మంది మామూలు జనం ఇచ్చిన డబ్బు అది. కాని ఆ దయకూ వర్ణరేఖ ఉంది. రూజ్‌వెల్ట్ స్వయంగా నెలకొల్పిన జార్జియాలోని వార్మ్ స్ప్రింగ్స్ చికిత్సాలయం నల్లజాతి రోగులను చేర్చుకునేది కాదు. విమర్శలు పెరిగిన తరువాత 1941లో అలబామాలోని టస్కెగీలో నల్లవారికి వేరే కేంద్రం తెరిచారు. వెన్నుపాములోకి పోయే వైరస్ చర్మం రంగు చూడలేదు. దాని చికిత్స చూసింది.

1952లో అమెరికాలో దాదాపు 58 వేల మందికి పోలియో వచ్చింది. మూడు వేలకు పైగా చనిపోయారు. వార్డుల నిండా ఇనుప పెట్టెలు వరసలు తీరాయి. సరిగ్గా ఆ ఏడాదే, పెట్టెలు లేని మరో నగరంలో ఈ చరిత్ర దారి మళ్ళింది.

4

1952 వేసవిలో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్‌లో పోలియో విరుచుకుపడింది. నగరంలోని అంటువ్యాధుల ఆసుపత్రి పేరు బ్లెగ్‌డామ్. కొన్ని రోజుల్లో ఏభైమంది దాకా వచ్చి చేరేవారు. అక్కడ ఉన్నవి ఒక్క ఐరన్ లంగు, ఛాతీకి మాత్రమే తొడిగే కవచాలు ఆరు. మొదటి మూడు వారాల్లో ఊపిరి పడిపోయిన 31 మందికి వాటితో చికిత్స చేస్తే 27 మంది చనిపోయారు. చాలామందికి గొంతు కండరాలు కూడా పడిపోయాయి. మింగలేని ఉమ్మి ఊపిరితిత్తుల్లోకి జారుతుంటే పెట్టె దాన్ని మరింత లోపలికి లాగేది.

ఆసుపత్రి ప్రధాన వైద్యుడు లాసెన్. అతని దగ్గర పనిచేసే మోగెన్స్ బ్యోర్నెబో అనే వైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తువైద్యుణ్ణి పిలిపించమని సలహా ఇచ్చాడు. ఆ రోజుల్లో మత్తువైద్యుడంటే శస్త్రవైద్యుడి వెనుక నిలబడే సహాయకుడు మాత్రమే. అంటురోగుల వార్డులో అతనికి పనేమిటని పెద్దలకు సందేహం. ఆగస్టు 25న సమావేశం జరిగింది. చనిపోయినవారి రక్తపరీక్షల్లో క్షారగుణం పెరిగినట్టు కనిపించడాన్ని వైద్యులు అంతుపట్టని మార్పుగా భావిస్తున్నారు. ఇబ్సెన్ అదే లెక్కను వేరుగా చదివాడు. వీళ్ళు బొగ్గుపులుసు వాయువును బయటికి వదలలేక చనిపోతున్నారని అన్నాడు. ఆక్సిజన్ ఇస్తే చర్మం ఎర్రగానే ఉంటుంది, లోపల విషం పేరుకుంటూనే ఉంటుంది. ఊపిరి చాలడం లేదు. అంతే.

ఆగస్టు 27న చావుకు దగ్గరపడిన పన్నెండేళ్ళ బాలికను అతనికి అప్పగించారు. గొంతు కింద శ్వాసనాళానికి రంధ్రం చేసి, రబ్బరు గొట్టం దించి, దానికొక రబ్బరు సంచి తగిలించాడు. శస్త్రచికిత్స గదిలో రోజూ వాడే సంచే అది. పిల్ల ఉక్కిరిబిక్కిరై పెనుగులాడింది. సంచి నొక్కినా గాలి లోపలికి పోలేదు. ప్రదర్శన విఫలమైందనే అనిపించింది. ఇబ్సెన్ మత్తుమందు ఇచ్చాడు. పెనుగులాట ఆగింది, పిల్ల సొంత ప్రయత్నమూ ఆగింది. అప్పుడు సంచి నొక్కితే ఛాతీ లేచింది. రంగు తిరిగింది. పిల్ల బతికింది.

ఇక్కడ మేధావి కథ ముగియవచ్చు. చాలా పుస్తకాల్లో ఇక్కడే ముగుస్తుంది కూడా. అసలు చరిత్ర ఇక్కడ మొదలవుతుంది. ఒక పిల్లకు ఒక చెయ్యి దొరికింది; వార్డులో డజన్లకొద్దీ రోగులున్నారు. సంచి ఒక్క నిమిషం ఆగినా ప్రాణం పోతుంది. ఒక రోజు కాదు, వారాలూ నెలలూ నొక్కాలి. అన్ని చేతులు ఎక్కడినుంచి వస్తాయి?

ఆసుపత్రి నగరంలోని వైద్యవిద్యార్థులను పిలిచింది. వాళ్ళు చాలక దంతవైద్య విద్యార్థులను కూడా పిలిచింది. సుమారు 1500 మంది వచ్చారు. ఆరేసి ఎనిమిదేసి గంటల వంతులు వేసుకుని, ఒక్కొక్కరు ఒక్కొక్క మంచం పక్కన కూర్చుని, సంచి నొక్కారు. ఒక దశలో ఒకేసారి 70 మందికి ఇలా చేతులతో ఊపిరి నడిచింది. మొత్తం పని 1,65,000 గంటలని లెక్క తేలింది. ఒక్క మనిషి రాత్రీపగలూ ఆపకుండా చేస్తే దాదాపు పందొమ్మిదేళ్ళ పని అది. వాళ్ళతో పాటు నర్సులు, గొట్టాలు శుభ్రం చేసేవాళ్ళు, రోగిని పక్కకు తిప్పేవాళ్ళు, ఆక్సిజన్ సిలిండర్లు మోసేవాళ్ళు ఉన్నారు. అక్కడి ప్రయోగశాలలో పౌల్ ఆస్ట్రుప్ రక్తంలోని బొగ్గుపులుసు వాయువును త్వరగా లెక్కగట్టే పద్ధతిని రూపొందించి, ఏ చెయ్యి ఎంత నొక్కాలో చెప్పగలిగాడు. ప్రతి పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది చనిపోతున్న చోట మరణాలు సగానికి పైగా తగ్గాయి.

ఇరవై ఏళ్ళ విద్యార్థి తన వయసువాడి పక్కనో, పసిపిల్ల పక్కనో కూర్చున్నాడు. రోగికి తెలివి ఉంది, మాట లేదు. కళ్ళతో అడిగేది కళ్ళతోనే తెలుసుకోవాలి. కొందరు తమ చేతికిందే చనిపోవడం చూశారు. మర్నాడు మళ్ళీ వంతుకు వచ్చారు. ఇందులో వీరత్వం ఉంది గాని, నా దృష్టిలో అంతకంటె ముఖ్యమైనది ఏర్పాటు. ఎవరి బిడ్డకు ఎవరు నొక్కాలన్న ప్రశ్న అక్కడ రాలేదు. ధనికుడి పిల్లకు మెరుగైన చెయ్యి అంటూ లేదు. వంతుల జాబితా ఉంది, నేర్పేవాళ్ళు ఉన్నారు, అలసిన చెయ్యి దిగగానే మరో చెయ్యి ఎక్కేది. విడివిడిగా ఉంటే ఎవరి చెయ్యి అయినా కొన్ని గంటల్లో పడిపోతుంది. సమాజం కూర్చిన చెయ్యి నెలల తరబడి అలవలేదు.

తరువాత యంత్రం తిరిగివచ్చింది, వేరే రూపంలో. స్వీడన్‌లో ఎంగ్‌స్ట్రామ్ రూపొందించిన యంత్రం విద్యార్థి చెయ్యి చేసిన పనినే చేసింది. ఛాతీని బయటినుంచి లాగకుండా, గొట్టంగుండా గాలిని లోపలికి నెట్టింది. ఈనాటి వెంటిలేటర్లన్నిటికీ ఇదే దారి. 1953 డిసెంబరులో ఇబ్సెన్ కోపెన్‌హేగన్‌లోని మరో ఆసుపత్రిలో, ఏ జబ్బు వచ్చినా ప్రాణాపాయంలో ఉన్నవారందరికీ ఒకేచోట నిరంతర సంరక్షణ ఏర్పాటు చేశాడు. మనం ఐ.సి.యు. అంటున్న గది పుట్టుక అదే. ఆ గదిలోని వెంటిలేటరు ఆ పదిహేను వందల మంది చేతులకు నకలు. ఆ సంగతి మాత్రం దాని మీద ఎక్కడా రాసి ఉండదు.

5

పెట్టెలో ఉన్నవాళ్ళ మాట చెప్పకుండా ఈ చరిత్ర పూర్తికాదు. బయటినుంచి చూసిన రచయితలకు ఐరన్ లంగ్ బతికున్నవాడి శవపేటికలా కనిపించింది. లోపలినుంచి రాసినవాళ్ళు వేరుగా చెప్పారు.

1953లో, పద్నాలుగేళ్ళ వయసులో, ఎడ్ రాబర్ట్స్‌కు పోలియో వచ్చింది. 1962లో అతను కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చదవడానికి బర్కిలీ వచ్చినప్పుడు, అతని ఐరన్ లంగ్ బరువును హాస్టలు గది నేల మోయలేదు. క్యాంపస్ ఆసుపత్రిలో ఒక గది ఇచ్చారు. ఆ గదికి మరికొందరు వికలాంగ విద్యార్థులు చేరారు, గది ఉద్యమమైంది. 1972లో బర్కిలీలో స్వతంత్ర జీవన కేంద్రం వెలిసింది. అతను పనికి పనికిరాడని ఒకప్పుడు తేల్చిన రాష్ట్ర పునరావాస శాఖకే 1970ల మధ్యలో అతను అధిపతి అయ్యాడు. యంత్రం తనను బంధించిందని అతను అనుకోలేదు. మెట్లూ, ద్వారాలూ, దరఖాస్తు ఫారాలూ బంధించాయని అన్నాడు. వాటి మీద పోరాడాడు.

అదే బర్కిలీలో మార్క్ ఓబ్రైన్ ఉండేవాడు. 1955లో, ఆరేళ్ళ వయసులో పోలియో. నోట్లో పుల్ల పట్టుకుని ఒక్కొక్క అక్షరం కొట్టి కవిత్వం రాశాడు, పత్రికలకు వ్యాసాలు రాశాడు, వికలాంగ కవుల పుస్తకాలు వేసే ఒక చిన్న ప్రచురణ సంస్థను మరొకరితో కలిసి నడిపాడు. 1999లో చనిపోయాడు. డల్లాస్‌కు చెందిన పాల్ అలెగ్జాండర్‌కు 1952లో ఆరేళ్ళ వయసులో పోలియో వస్తే, గాలిని గుక్కలు గుక్కలుగా మింగి పెట్టె బయట కొంతసేపు బతకడం నేర్చుకున్నాడు. అలా మూడు నిమిషాలు ఉండగలిగితే కుక్కపిల్లను ఇస్తామని చిన్ననాడు ఆశపెట్టారు. అతను న్యాయవాది అయ్యాడు. 2020లో వెలువడిన తన ఆత్మకథకు ఆ మూడు నిమిషాల పేరే పెట్టుకున్నాడు. 2024 మార్చిలో, 78వ ఏట చనిపోయాడు.

పేటెంటు కథకు వీళ్ళ చివరి సంవత్సరాలు కొనసాగింపు. 1959లో అమెరికాలో సుమారు 1200 మంది ఐరన్ లంగుల్లో ఉండేవారు. 2004 నాటికి మిగిలినవారు 39 మంది. టీకా వచ్చి కొత్త రోగులు లేకపోవడం మానవజాతి గెలుపు. కాని కొనేవారు లేని సరుకు తయారీ ఆగిపోయింది, విడిభాగాలు ఆగిపోయాయి. తోలు పట్టీ తెగితే కుట్టేవాడి కోసం, మోటారు చెడితే బాగుచేసే మెకానిక్ కోసం ఆ కొద్దిమంది వెతుక్కోవలసి వచ్చింది. మార్కెట్టుకు 39 ప్రాణాలు లెక్కలోకి రావు. చివరికి అలెగ్జాండర్ యంత్రాన్ని నడిపించింది కూడా ఒక మెకానిక్ చేతులే.

6

ఇప్పుడు మన దగ్గరకు వస్తాను.

మనకు పోలియో అంటే కాలు. మన కథల్లో, సినిమాల్లో, ఊరి జ్ఞాపకాల్లో పోలియో వచ్చినవాడు కర్ర ఊతతోనో, చేతులమీద పాకుతూనో కనిపిస్తాడు. ఊపిరి పోయినవాడు ఎక్కడా కనిపించడు. మన పిల్లల ఛాతీని పోలియో వదిలిపెట్టిందని కాదు. ఏటా రెండు లక్షల మందికి పోలియో పక్షవాతం వచ్చేదని టీకా కార్యక్రమానికి ముందు కాలపు అంచనా. నూటికి అయిదు నుంచి పది అన్న లెక్క మనకూ వర్తిస్తుంది. ఛాతీ పడిపోయిన పిల్లలు జ్వరం వచ్చిన మూడోనాడో నాలుగోనాడో ఇంట్లోనే పోయారు. వాళ్ళ చావుకు జ్వరమనో, గాలి సోకిందనో పేరు పెట్టి ఉంటారు. మా తాలూకాలో ఐరన్ లంగును చూసినవాళ్ళు కాదు, పేరు విన్నవాళ్ళు కూడా లేరు. మన సాహిత్యంలో కనపడే పోలియో, బతికి బయటపడినవాళ్ళు మాత్రమే కనిపించే పోలియో. 2011 జనవరి 13న బెంగాల్‌లోని హౌరా జిల్లాలో బయటపడినది దేశంలో చివరి కేసు. 2014 మార్చి 27న మన దేశానికి పోలియోరహిత ధ్రువపత్రం వచ్చింది. ఇంటింటికీ తిరిగి చుక్కలు వేసిన లక్షలాది స్త్రీపురుషుల చేతుల పని అది. కాని పోయినవాళ్ళను లెక్కించకుండానే ఆ పుస్తకం మూసేశాం.

కోపెన్‌హేగన్ సంచికీ నాకూ స్వయంగా ఒక సంబంధం ఉంది. 1956లో డెన్మార్క్‌లోనే ఆ సంచికి మార్పులు చేసి, నొక్కి వదిలితే దానంతటదే ఉబ్బేటట్టు తయారుచేశారు. మన ఆసుపత్రుల్లో అంబు బ్యాగు అనేది అదే. 1994 వర్షాకాలంలో నేలమీద పడుకున్న మా తమ్ముణ్ణి కట్లపాము కరిచింది. ఆ పాము విషం చేసేది పోలియో చేసేదాన్ని పోలి ఉంటుంది. తెలివి ఉంటుంది, రెప్ప లేవదు, ఊపిరి కండరాలు పడిపోతాయి. విరుగుడు మందు ఇచ్చారు. కండరాలు తిరిగి లేచేదాకా రెండు మూడు రోజులు ఊపిరి ఎవరో నడపాలి. ఆ ప్రభుత్వాసుపత్రిలో ఉన్న వెంటిలేటర్లు నిండిపోయాయి. గొంతులోకి గొట్టం వేసి, అంబు బ్యాగు తగిలించి, సిస్టరు నా చేతిలో పెట్టింది. "నీ ఊపిరితో పాటు నొక్కు. ఆపమాకు," అంది. ఆమెకు ఆ రాత్రి నలభై మంది రోగులు.

మా ఊరు దగ్గర. పొద్దున్నే కబురు పోయింది. కూలి మానుకుని పదకొండు మంది వచ్చారు. వంతులు వేసుకున్నాం. ఎవరూ మాకు కోపెన్‌హేగన్ సంగతి చెప్పలేదు; పొలానికి నీళ్ళ వంతులు వేసుకునే లెక్క మాకు తెలుసు, దాన్నే ఇక్కడ వాడాం. మూడోనాడు తమ్ముడు కళ్ళు తెరిచాడు. "ఎవరు నొక్కుతున్నారో నాకు తెలుస్తానే ఉండేది అన్నా. నీ చెయ్యి తొందర," అన్నాడు తరువాత.

పక్క మంచం మీద కూడా పాము కాటే. దూరపు ఊరు. అతనికి భార్య ఒక్కతే. చంటిపిల్లను ఒళ్ళో పెట్టుకుని నొక్కింది. మావాళ్ళు మధ్యమధ్య వెళ్ళి ఆమె చేతిలోది అందుకున్నారు. రెండో రాత్రి తెల్లవారుజామున మా వంతు మనిషి తమ్ముడి దగ్గర ఉన్నాడు, మిగతావాళ్ళం వరండాలో నిద్రపోయాం. ఆమె కూడా నిద్రపోయింది. ఎంతసేపో ఎవరికీ తెలియదు. ఆమెను ఎవరూ ఏమీ అనలేదు. ఆమె మాత్రం తన కుడిచేతిని ఎడమచేత్తో కొట్టుకుంటూ కూర్చుంది.

ఆ చేతిది తప్పు కాదని ఆమెకు చెప్పడానికి ఆనాడు నా దగ్గర మాటలు లేవు. కోపెన్‌హేగన్ చరిత్ర చదివిన తరువాత దొరికాయి. అక్కడ వాడినదీ ఇక్కడ వాడినదీ ఒకే సంచి, ఒకే చెయ్యి. తేడా చేతిలో లేదు. అక్కడ ఒక నగరం తన విద్యార్థులను కూడగట్టి ప్రతి రోగి పక్కనా చెయ్యిని నిలబెట్టింది. ఇక్కడ వ్యవస్థ తన పనిని రోగి చుట్టం చేతిలో పెట్టి తప్పుకుంది. చుట్టాలు ఎక్కువ ఉన్నవాడు బతికాడు, ఒక్కతే ఉన్నవాడు పోయాడు. 2021 మే 10న తిరుపతిలోని ఒక ప్రభుత్వాసుపత్రిలో ఆక్సిజన్ సరఫరా తగ్గి అధికార లెక్క ప్రకారమే 11 మంది చనిపోయినప్పుడు, యంత్రాలు అక్కడే ఉన్నాయి. యంత్రం వెనుక ఉండవలసిన ఏర్పాటు ఆ కాసేపు లేదు.

యంత్రాన్ని గురించి రాసే మిత్రులకు నా మనవి ఇంతే. అది భూతమా, రథమా అని తేల్చే ముందు దాని వెనుక చేతులను లెక్కపెట్టండి. ఎన్ని చేతులు, ఎవరివి, వాటిని కూడగట్టినవాళ్ళు ఎవరు, ఒంటరిగా వదిలేసినవాళ్ళు ఎవరు అని అడగండి. ఇబ్సెన్ పేరు వైద్యగ్రంథాల్లో ఉంది, ఉండవలసిందే. ఆ పదిహేను వందల మంది పేర్లు వాటిలో లేవు. పక్క మంచం దగ్గర కూర్చున్న ఆ తల్లి పేరు నేనూ అడగలేదు. మన సాహిత్యం పని అక్కడ మొదలవుతుందని నా నమ్మకం.